ఏటా మెగా కంటి శిబిరమా, ఏడాది పొడవునా తెరిచి ఉండే విజన్ సెంటరా?

వెలిగొండ వాసి:
అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా పడమటి వైపు ఊరు. ఊళ్ళో ఉన్నవాళ్ళం, హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ స్థిరపడ్డవాళ్ళం కలిసి కంటి వైద్యం కోసం కొంత సొమ్ము పోగు చేశాం. డబ్బు చేతికొచ్చాక అసలు తగాదా మొదలైంది.

ఒక వర్గం మాట ఇది: ఏటా సంక్రాంతి సెలవుల్లో హైస్కూల్లో రెండు రోజులు మెగా శిబిరం పెడదాం. టౌన్ నుంచి ఆసుపత్రి వాళ్ళు వస్తారు, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మైకు ప్రచారం చేయిద్దాం, అద్దాలు అక్కడికక్కడే ఇద్దాం, శుక్లాలున్నవాళ్ళను బస్సెక్కించి ఆపరేషన్ చేయించి తీసుకొద్దాం.

రెండో వర్గం మాట: మండల కేంద్రంలో బస్టాండు దగ్గర ఒక గది తీసుకుని, అందులో విజన్ సెంటర్, అంటే రోజూ కళ్ళు పరీక్షించి అద్దాలిచ్చే చిన్న కేంద్రం, పెట్టమని ఒక పెద్ద కంటి ఆసుపత్రిని అడుగుదాం. మూడేళ్ళ అద్దె, సామాను ఖర్చు మనం పెట్టుకుందాం, మనిషిని వాళ్ళు పెడతారు. పరీక్ష ఉచితం, అద్దాలకు మాత్రం డబ్బు తీసుకుంటారు.

రెండూ చేసేంత సొమ్ము లేదు. నేను రెండో దాని వైపు. శిబిరాలు మా ఊరికి కొత్త కాదు. అక్కడ ఇచ్చిన కళ్ళజోళ్ళు ఎన్ని ఇళ్ళలో గూట్లో పడి ఉన్నాయో చూశాను. పుల్ల విరిగితే బిగించేవాళ్ళు లేరు, నంబర్ కుదరకపోతే మార్చేవాళ్ళు లేరు. పెద్దలు మాత్రం శిబిరమే అంటున్నారు. ఈ పని దగ్గర నుంచి తెలిసినవాళ్ళు చెప్పండి.

డల్లాస్ తెలుగు:
నేను శిబిరం వైపు. మా కుటుంబం తరఫున రెండుసార్లు శిబిరాలకు డబ్బు ఇచ్చాం కాబట్టి చెబుతున్నాను.

మొదటిది, చూపు పోయిన మనిషికి ఇప్పుడు కావాల్సింది ఆపరేషన్. శుక్లం ముదిరి ఇంట్లో మంచానికే పరిమితమైన ముసలమ్మకు ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పితే మనవడి మొహం కనిపిస్తుంది. మన డబ్బు అంత త్వరగా ఒక మనిషి జీవితాన్ని మార్చే పని ఇంకొకటి ఉంటుందనుకోను. రెండోది, మండల కేంద్రం దాకా రావాలంటే ఆ ముసలమ్మకు ఆటో కావాలి, పక్కన మనిషి కావాలి, ఆ మనిషి ఆ రోజు కూలి వదులుకోవాలి. శిబిరం అయితే మనమే ఆమె దగ్గరికి వెళ్తున్నాం. మూడోది, మూడేళ్ళ తర్వాత అద్దె ఎవరు కడతారు?

పాత రోజుల్లోలా బడి గదుల్లో కత్తెర పట్టుకునే కాలం కాదు ఇది. చెన్నై కంటి ఆసుపత్రి శంకర నేత్రాలయ వాళ్ళు ఐఐటీ మద్రాస్‌తో కలిసి రెండు బస్సులను జతచేసి ఆపరేషన్ థియేటరే తయారు చేసుకున్నారు. అది ఊరికే వస్తుంది. శిబిరం అనగానే తక్కువగా చూడకండి.

అద్దాల మేడం:
నేను ఒక విజన్ సెంటర్‌లో కొన్నేళ్ళు టెక్నీషియన్‌గా పనిచేశాను. ఊళ్ళో నన్ను పేరుతో కాదు, అద్దాల మేడం అనే పిలిచేవాళ్ళు. అందుకే ఇక్కడా అదే పేరు పెట్టుకున్నాను.

డల్లాస్ తెలుగు గారూ, శుక్లం గురించి మీరన్నది అక్షరాలా నిజం. కానీ సెంటర్‌కి వచ్చేవాళ్ళలో శుక్లం కేసులు కొన్నే. మిగతావాళ్ళు ఎవరో చెబుతాను.

పొద్దున్నే వరి కోతల సీజన్‌లో ఒకాయన వస్తాడు. వరి కంకి కంట్లో గీసుకుని అప్పటికి మూడు రోజులు. మొదటి రోజు ఇంట్లో పసరు పిండారు, రెండో రోజు మెడికల్ షాపు అబ్బాయి ఏదో చుక్కల మందు ఇచ్చాడు. స్లిట్ ల్యాంప్ (కన్నును పెద్దదిగా చూపే పరికరం) కింద చూస్తే నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. అది పుండు. అలాంటివాటిలో ఫంగస్ వల్ల వచ్చేవి చాలా ఉంటాయి. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు వాటిని ఇంకా ముదరబెడతాయి. ఆ మనిషిని అదే రోజు పెద్ద ఆసుపత్రికి పంపాలి. సంక్రాంతి శిబిరం దాకా ఆగితే ఆ కన్ను పువ్వేసి ఊరుకుంటుంది, తర్వాత ఎంత ఖర్చుపెట్టినా పాత చూపు రాదు.

తర్వాత నలభై దాటిన ఆడవాళ్ళు. సూదిలో దారం ఎక్కడం లేదు, బియ్యంలో రాళ్ళు కనిపించడం లేదు. చత్వారం, అంతే. దగ్గరి చూపు అద్దాలిస్తే ఐదు నిమిషాల పని. మీ ప్రకాశం జిల్లాలో పొగాకు గ్రేడింగ్ చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆకు రంగు, మచ్చ చూసి వేరు చేయాలి. కళ్ళు ఆనకపోతే మేస్త్రీ వాళ్ళను పనికి పిలవడం మానేస్తాడు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చేసిన అధ్యయనం 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అద్దాలు పెట్టుకున్నవాళ్ళ పని, పెట్టుకోనివాళ్ళతో పోలిస్తే ఐదో వంతుకు పైగా ఎక్కువ పెరిగింది. చత్వారం శిబిరం తేదీ చూసుకుని రాదు. ఆ నంబర్ కూడా కొన్నేళ్ళకోసారి మారుతుంది.

ఇక నీటికాసులు (గ్లాకోమా), షుగర్ వల్ల దెబ్బతినే కళ్ళు. వీటిని ఒకసారి చూసి వదిలేయడం అంటే చూడనట్టే. నీటికాసులు ఉన్న మనిషి జీవితాంతం చుక్కలు వేసుకోవాలి. నొప్పి ఉండదు, చూపు పక్కల నుంచి తగ్గుతుంది కాబట్టి తెలియదు. 'బాగానే ఉందిగా' అని మందు మానేస్తారు. ఆ మనిషి రాకపోతే ఫోన్ చేయడం, ఊరికెళ్ళినప్పుడు ఇంటికెళ్ళి అడగడం, ఇదే నా ఉద్యోగంలో సగం.

మూడేళ్ళ తర్వాత అద్దె సంగతి విడిగా రాస్తాను, అది ముఖ్యమైన ప్రశ్న.

పీహెచ్‌సీ డాక్టర్:
మేడం చెప్పినదాన్ని గౌరవిస్తూనే ఒక మాట. ఇంటర్ చదివి ఏడాది శిక్షణ తీసుకున్న వాళ్ళ చేతిలో ఒక మండలం కళ్ళు పెట్టేయడం నాకు ఇబ్బందిగా ఉంది. అద్దాల నంబర్ వరకు సరే. నీటికాసులు తొలిదశలో గుర్తుపట్టడం అనుభవమున్న డాక్టర్లకే కష్టం.

అసలు ఇది ప్రభుత్వం చేయాల్సిన పని. దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచీ ఉంది. కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో కళ్ళు పరీక్షించే ఆప్తాల్మిక్ ఆఫీసర్ పోస్టులు ఉన్నాయి. ఆ పోస్టు ఖాళీగా ఉంటే నింపమని అడగాలి, పరికరం పాడైతే బాగుచేయమని అడగాలి. దాతల సొమ్ముతో పక్కన ఇంకో సెంటర్ పెడితే ప్రభుత్వం మీద ఒత్తిడి పోతుంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలుపెట్టి మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షించారు. 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడత మొదలై 1,500 బృందాలతో వంద పనిదినాలు నడిచింది. ఏపీలో 2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభించి మొదట బడి పిల్లలను చూశారు. ఇంత స్థాయిలో చేయడం ఏ స్వచ్ఛంద సంస్థ వల్లా కాదు.

అద్దాల మేడం:
డాక్టర్ గారూ, టెక్నీషియన్ మండలానికి డాక్టర్ కాదు, కాకూడదు కూడా. చూసేది, కొలిచేది, రాసి పెట్టేది, పై డాక్టర్‌కు పంపేది ఆమె. నిర్ణయం డాక్టర్‌ది. అనుమానం వచ్చిన కంటి ఫొటో ఇప్పుడు నెట్ ద్వారా వెంటనే పంపవచ్చు. నీటికాసులు నేను ఖాయం చేయను. కంట్లో ప్రెషర్ ఎక్కువ ఉంటే, నరం అనుమానంగా కనిపిస్తే పంపిస్తాను. నేను పంపకపోతే ఆ మనిషి ఏ డాక్టర్ దగ్గరికీ వెళ్ళడు, అసలు తేడా అక్కడ.

ఈ పద్ధతి గాల్లోంచి పుట్టలేదు. ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టారు. 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో (ఇప్పుడు నిర్మల్ జిల్లా) తొలి గ్రామీణ కేంద్రం పెట్టారు. తర్వాత అంచెలుగా కట్టారు: ఐదు వేల జనాభాకు ఊళ్ళో ఒక కార్యకర్త, 50 వేలకు ఒక విజన్ సెంటర్, 5 లక్షలకు ఆపరేషన్లు చేసే సెకండరీ సెంటర్, 50 లక్షలకు పెద్దాసుపత్రి, అన్నిటికీ పైన హైదరాబాద్. ఇవాళ నాలుగు రాష్ట్రాల్లో వాళ్ళకు రెండు వందలకు పైగా విజన్ సెంటర్లు ఉన్నాయి. వెలిగొండ వాసి గారూ, మీరు గది ఒక్కటే చూడకండి, దాని వెనక ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఎంత దూరంలో ఉందో మొదట అడగండి. వెనక ఆసుపత్రి లేని విజన్ సెంటర్ కళ్ళజోళ్ళ కొట్టే.

కౌలు రైతు కొడుకు:
మా అమ్మ సంగతి రాస్తాను, పేర్లు వద్దు. ఒక శిబిరంలో చూసి టౌన్‌కు తీసుకెళ్ళి శుక్లం ఆపరేషన్ చేశారు. ఉచితం, భోజనం పెట్టారు, మళ్ళీ ఇంటి దగ్గర దింపారు. వాళ్ళను ఒక్క మాట అనడానికి లేదు. అమ్మ ఏడాదిన్నర హాయిగా చూసింది. తర్వాత ఆ కన్ను మెల్లగా మసకబారింది. అమ్మ 'ఆపరేషన్ చెడిపోయింది' అని తీర్మానం చేసుకుంది. ఎవరిని అడగాలో మాకు తెలియదు. శిబిరం వాళ్ళు ఇచ్చిన కాగితం మీద నంబర్ ఉంది, అది పనిచేయలేదు. మా వీధిలో ఇంకో ముగ్గురు ఆడవాళ్ళకు శుక్లాలున్నాయి. 'ఆమె కన్ను చూశావుగా' అని వాళ్ళెవరూ ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు.

చాలా కాలానికి వేరే పని మీద ఒంగోలు వెళ్ళినప్పుడు చూపించాం. లెన్స్ వెనక పొర మందమైందట, అది మామూలేనట. లేజర్‌తో కొద్ది నిమిషాల్లో తెరిచారు, సూది కూడా లేదు. అమ్మ ఆ సాయంత్రమే గోడ మీద క్యాలెండర్‌లో తిథి చదివింది. దారిలో ఒక తెలిసిన మనిషి ఉండి 'ఇది మామూలే, ఫలానా చోటికి వెళ్ళండి' అని చెప్పి ఉంటే అంత కాలం ఆమె చీకట్లో ఉండేది కాదు, ఆ ముగ్గురూ భయపడేవాళ్ళు కాదు. నా ఓటు సెంటర్‌కి.

పాలమూరు టీచరమ్మ:
పిల్లల మాట ఎవరూ ఎత్తలేదు. ఎదిగే పిల్లలకు నంబర్ ఏడాదికోసారి మారుతుంది. ఒక్కోసారి ఆరు నెలలకే. మా బడికి పరీక్షలకు వచ్చినవాళ్ళు అందరికీ ఒకే రకం ఫ్రేములు ఇచ్చారు, ఎనిమిదో తరగతి పిల్లకు ముక్కు మీద నిలవదు, వెక్కిరిస్తారని సంచిలో దాస్తుంది. నచ్చిన ఫ్రేము తానే ఎంచుకున్న పిల్ల పెట్టుకుంటుంది. సెంటర్‌లో అది కుదురుతుంది, శిబిరంలో కుదరదు.

అందుకే అద్దాలకు కాస్త డబ్బు తీసుకోవడం నాకు తప్పనిపించదు. కానీ నిజంగా కట్టలేనివాళ్ళకు మాఫీ ఉండాలి, అది నలుగురిలో కాగితం అడిగి ఇచ్చేదిగా ఉండకూడదు.

డల్లాస్ తెలుగు:
కౌలు రైతు కొడుకు గారూ, మీ అమ్మగారి సంగతి చదివి బాధేసింది. శిబిరాల తర్వాత ఇలాంటివి జరుగుతాయని మా దాకా రాదు. మాకు ఫొటోలు, అంకెలు వస్తాయి.

అయినా నా ప్రశ్న మిగిలే ఉంది. సెంటర్ పెట్టినంత మాత్రాన జనం వస్తారా? శిబిరానికి మైకు పెడితే వేల మంది వస్తారు. సెంటర్‌కి మొదటి ఏడాది రోజుకు ఎంతమంది వస్తారు? మా దాతలకు నేను లెక్క చెప్పాలి కదా.

లెక్కల మనిషి:
వేల మంది వస్తారన్న మాట మీద ఒక విషయం. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళ శిబిరాలు దేశానికే పాఠం. 1976లో డాక్టర్ వెంకటస్వామి గారు 11 పడకలతో మొదలుపెట్టిన సంస్థ అది. వాళ్ళ శిబిరాలు జరిగిన ఊళ్ళలోనే పరిశోధకులు ఇంటింటికీ తిరిగి చూస్తే, కంటి సమస్య ఉన్నవాళ్ళలో శిబిరానికి వచ్చింది నూటికి ఏడుగురు కూడా లేరు. ఆ అధ్యయనం 1999లో అచ్చయింది. అంత బాగా శిబిరాలు నడిపేవాళ్ళ దగ్గరే ఆ లెక్క. తర్వాతి రోజుల్లో అరవింద్ వాళ్ళు కూడా ఊళ్ళలో శాశ్వత విజన్ సెంటర్లకు కదిలారు. మైదానం నిండా జనం కనిపిస్తారు. రానివాళ్ళు ఇళ్ళలో ఉంటారు కాబట్టి మన కంటికి ఆనరు.

ఎవరు రారు? ఆడవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు, తీసుకెళ్ళే మనిషి లేనివాళ్ళు. ఇంట్లో మగాయనకు కనపడకపోతే వెంటనే వైద్యం, ఆడమనిషికి కనపడకపోతే 'వంట చేస్తోందిగా'. వీళ్ళను సెంటర్ కూడా ఊరికే కూర్చుని పట్టుకోలేదు. అందుకే ఊళ్ళో తిరిగే మనిషి కావాలి.

ఇంకో విషయం, శిబిరమే వద్దని ఎవరూ అనడం లేదనుకుంటున్నాను. 1994 నుంచి 2002 దాకా ప్రపంచ బ్యాంకు సాయంతో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఏడు రాష్ట్రాల్లో శుక్లాల ఆపరేషన్ల పథకం నడిచింది. కోటికి పైగా ఆపరేషన్లు అయ్యాయి. బడి గదుల్లో ఆపరేషన్లు మాని, శిబిరంలో గుర్తించి ఆసుపత్రిలో చేసే పద్ధతి ఆ రోజుల్లోనే గట్టిపడింది. సోడాబుడ్డి అద్దాల బదులు కంట్లోనే లెన్స్ పెట్టడం పల్లెలకు చేరింది కూడా అప్పుడే. కాబట్టి గుర్తించడానికి శిబిరం పనికొస్తుంది. ప్రమాదమల్లా ఆ జాగ్రత్తలు వదిలేసినప్పుడు. 2014 నవంబరులో పంజాబ్‌లో గురుదాస్‌పూర్ జిల్లా ఘుమాన్‌లో పెట్టిన శిబిరంలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో ఎంతోమంది చూపు పోగొట్టుకున్నారు.

పీహెచ్‌సీ డాక్టర్:
మేడం వివరణ తర్వాత టెక్నీషియన్ విషయంలో నా అభ్యంతరం కొంత తగ్గింది. ప్రభుత్వం విషయంలో తగ్గలేదు. ఇంత పెద్ద కంటి వెలుగు జరిగినా ఆ విడత పూర్తయ్యాక పరీక్షించిన టేబుళ్ళు లేచిపోయాయి. అంటే అదీ ఒక రకంగా పెద్ద శిబిరమే. నేను అడిగేది ఆ టేబుల్ ప్రతి ఆరోగ్య కేంద్రంలో శాశ్వతంగా ఉండాలని. వెలిగొండ వాసి గారూ, మీ గది అద్దెకు తీసుకునే ముందు మీ పీహెచ్‌సీలోనో సీహెచ్‌సీలోనో ఒక గది ఇస్తారేమో అడగండి. అక్కడ షుగర్, బీపీ మందుల కోసం నెలనెలా వచ్చేవాళ్ళు ఎటూ ఉంటారు. షుగర్ ఉన్న ప్రతి మనిషినీ ఏడాదికోసారి కళ్ళ పరీక్షకు పక్క గదిలోకి పంపడం అక్కడైతే తేలిక. అద్దె మిగులుతుంది, ప్రభుత్వమూ భాగస్వామి అవుతుంది.

వెలిగొండ వాసి:
ఇది మాకు తట్టలేదు డాక్టర్ గారూ. మా ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో మాట్లాడగలిగినవాళ్ళు ఉన్నారు, అడుగుతాం.

మేడం, మూడేళ్ళ తర్వాత అద్దె సంగతి రాస్తానన్నారు. అలాగే డల్లాస్ అన్న అడిగిన లెక్క కూడా. మా గ్రూప్‌లో ఎల్లుండి మీటింగ్ ఉంది.

అద్దాల మేడం:
సెంటర్ ఖర్చులో పెద్దవి రెండు: మనిషి జీతం, అద్దె. రాబడి అద్దాల మీద. మొదటి ఏడాది జనం తక్కువగానే వస్తారు, అది దాతలకు ముందే చెప్పండి, దాచవద్దు. రెండో ఏడాదికి నోటి మాట పాకుతుంది. మూడేళ్ళలో అద్దాల మీద వచ్చేది జీతానికి దగ్గరపడిందా లేదా అన్నదే సెంటర్ నిలుస్తుందో లేదో చెబుతుంది. అద్దె లేని గది దొరికితే సగం టెన్షన్ పోతుంది, అందుకే డాక్టర్ గారి సలహా బంగారం.

డల్లాస్ తెలుగు గారూ, దాతలకు ఆపరేషన్ల సంఖ్య ఒక్కటే చెప్పకండి. ఆసుపత్రిని ఈ లెక్కలు అడగండి: పెద్దాసుపత్రికి పంపినవాళ్ళలో నిజంగా అక్కడికి చేరిందెవరు? ఆపరేషన్ అయినవాళ్ళలో నెల తర్వాత చూపు పరీక్ష చేయించుకున్నవాళ్ళు ఎందరు? వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరు? చుక్కల మందు రాసినవాళ్ళలో ఏడాది తర్వాత కూడా వేసుకుంటున్నది ఎవరు? ఇవి ఇవ్వలేని ఆసుపత్రికి శిబిరానికైనా సెంటర్‌కైనా డబ్బు ఇవ్వకండి.

మీ ఊరి పెద్దలకు శిబిరం కావాలంటే సెంటర్ తెరిచే వారమే ఒక పరీక్షా శిబిరం పెట్టండి. ఆ రెండు రోజుల్లో చూసిన ప్రతి పేరూ టెక్నీషియన్ రిజిస్టర్‌లోకి ఎక్కాలి. ఎవరు ఆపరేషన్‌కు ఒప్పుకోలేదో వాళ్ళ పేర్లు విడిగా రాయించండి, తర్వాత నాలుగు నెలలు ఆమె పని వాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరగడమే.

ఒప్పందంలో మూడు మాటలు రాయించుకోండి. టెక్నీషియన్ మీ మండలం పిల్లే అయి ఉండాలి. బయటి నుంచి వచ్చినవాళ్ళు ఏడాది తిరగకుండా బదిలీ అడుగుతారు, నేను చాలామందిని చూశాను. ఆమె సెలవు పెడితే బదులు మనిషిని ఆసుపత్రి పంపాలి. మూడోది, నెలకోసారి పై డాక్టర్ సెంటర్‌కి వచ్చి ఆమె రాసిన కార్డులు చూడాలి.

డల్లాస్ తెలుగు:
ఆ నాలుగు లెక్కలూ నేను మా వాళ్ళ ముందు పెడతాను మేడం. శుక్లాల ఆపరేషన్లకు విడిగా ఇచ్చే దాతలు మాలో ఉన్నారు. వాళ్ళ డబ్బు ఆటో ఖర్చుకు, తోడు వచ్చే మనిషి కూలికి వాడుకోవచ్చా? నాకు ముందు నుంచీ ఉన్న బెంగ అదే, ఆ ముసలమ్మ మండల కేంద్రం దాకా ఎలా వస్తుందని.

అద్దాల మేడం:
వాడుకోవచ్చు, వాడుకోవాలి. ఆపరేషన్ ఉచితమన్నా జనం రాకపోవడానికి పెద్ద కారణం ఆ రోజు కూలే. తోడు మనిషికి ఒక రోజు కూలి ఇస్తామని ఆశా కార్యకర్తతో చెప్పించండి, డబ్బు ఆసుపత్రి చేతికి కాకుండా నేరుగా ఆ ఇంటికి చేరేలా చూడండి.

వెలిగొండ వాసి గారూ, ఒకటి మర్చిపోయాను. మీ మండల కేంద్రంలో సంత ఏ రోజో చూసి, సెంటర్ వారం సెలవు ఇంకో రోజు పెట్టించండి. సంత రోజు పొద్దున ఎనిమిదింటికే తెరవాలి. సరుకులు కొనుక్కుని మొదటి బస్సుకు తిరిగి వెళ్ళే ఆడవాళ్ళు ఆ టైములోనే వస్తారు.